డేగిశాలు అమ్మకండి, ట్రాలీ అమ్మండి

ప్రశ్న (2021 జూన్): మాది హుజూరాబాద్‌కు దగ్గరలో ఒక మండల కేంద్రం. పదకొండేళ్లుగా మా ఆయన టెంట్ హౌస్ నడుపుతున్నారు. 600 కుర్చీలు, వెయ్యి మందికి సరిపడా వంట సామాను, షామియానాలు, పందిరి పైపులు, ఒక జనరేటర్, ఒక ట్రాలీ ఆటో ఉన్నాయి. నిరుడు ఎండాకాలం ముహూర్తాలన్నీ కరోనా లాక్‌డౌన్‌లో పోయాయి. ఈసారి మూఢం పోయి మే నెలలో పెళ్లిళ్లు మొదలవుతాయని ఎదురుచూస్తే మళ్లీ లాక్‌డౌన్. మేలో వచ్చిన పనంతా దినాలకే. సగం ఇళ్లల్లో డబ్బులు అడగలేక ఉత్త చేతులతో వచ్చారు. ట్రాలీ ఫైనాన్స్ నెలకు 9,500, ఇంకా 1,30,000 కట్టాలి. తెలిసినాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చాం, నాలుగు నెలల వడ్డీ బాకీ. బ్యాంకులో ముద్ర లోను 1,70,000 మిగిలింది, నెలకు 6,200, ఏప్రిల్ నుంచి కట్టలేదు. షెడ్డు కిరాయి 4,000. తొమ్మిది ఇళ్ల వాళ్ల బయానాలు లక్షా 5 వేలు మా దగ్గరే ఉన్నాయి, వాళ్లు ఇంటికొచ్చి అడుగుతున్నారు. కరీంనగర్ నుంచి ఒకాయన వచ్చి ట్రాలీ కాకుండా సామానంతా లక్షా 80 వేలకు తీసుకుంటానన్నారు. మా అన్న హైదరాబాద్ రమ్మంటున్నాడు, బావకు 15 వేల ఉద్యోగం చూస్తానంటున్నాడు. మా ఆయన నా ఐదు తులాల బంగారం కుదువ పెడదామంటున్నారు, నాకు ఇష్టం లేదు. పరీక్ష లేకుండానే పది పాసైన మా బాబు మామతో పోయి డెలివరీ పని చేస్తానంటున్నాడు. మా ఆయన పొద్దున్నే షెడ్డుకు పోయి సాయంత్రం దాకా అక్కడే ఒక్కరే కూర్చుంటున్నారు. సరిగ్గా నిద్ర పోవడం లేదు. ఏం చేయమంటారు? బ్యాంకుకు నేను పోయి మాట్లాడొచ్చా?

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం రాసిన తర్వాత 2021 జూన్ 20న తెలంగాణలో లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. దాంతో కరీంనగర్ ఆయన తొందర ఇంకా పెరుగుతుంది. ఆయన బేరం ఏమిటో ముందు చూద్దాం. నేను గ్రామీణ బ్యాంకులో అప్పులు ఇచ్చీ, వసూలు చేసీ రిటైరైన వాణ్ణి. మనసు సంగతి మాట్లాడే ముందు కాగితం, పెన్ను తీసుకోవడం నాకు అలవాటు.

మీరు రాసినవన్నీ కూడితే ఇలా వచ్చింది. ట్రాలీకి 1,30,000, మూడు రూపాయల వడ్డీ అప్పు 1,50,000, దాని మీద నాలుగు నెలల వడ్డీ 18,000, బ్యాంకుకు 1,70,000, బయానాలు 1,05,000. మొత్తం 5,73,000. సామానంతా 1,80,000కు ఇచ్చేస్తే ఇంకా 3,93,000 అప్పు మిగులుతుంది. అప్పు మిగిలి, అది తీర్చే సాధనం పోతుంది. 15 వేల జీతంతో హైదరాబాద్‌లో కిరాయి కట్టుకుంటూ ఆ అప్పు తీర్చడం నాకైతే ఊహకు అందడం లేదు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: సామాను అమ్మకండి. కనీసం ఈ ధరకు, ఈ నెలలో, ఈ మనిషికి అమ్మకండి.

ఆ బేరంలో ఇంకో సంగతి ఉంది. సామానులో రెండు రకాలుంటాయి. షామియానా గుడ్డ, కుర్చీలు, కార్పెట్లు, లైటింగ్ సామాను ఏటేటా విలువ పోగొట్టుకుంటాయి. డేగిశాలు (పెద్ద వంట గిన్నెలు), బాండీలు, గంగాళాలు, గంటెలు, పందిరి పైపులు అలా కాదు, వాటిని ఏ రోజైనా తూకానికి అమ్ముకోవచ్చు. ఈ 2021లో ఇనుము, అల్యూమినియం, రాగి ధరలు బాగా పెరిగాయి. అందుకే ఒకసారి మీ ఆయనతో సిల్వర్ (అల్యూమినియం) డేగిశాలు, ఇత్తడివి, స్టీలువి వేరువేరుగా తూకం వేయించండి. పైపులూ అంతే. ఊళ్లోని గిన్నెల దుకాణంలో పాత సామానుకు కిలో ఎంతకు తీసుకుంటారో అడగండి. ఆయన చెప్పిన లక్షా 80 వేలలో ఉత్త లోహం ధరే ఎంత ఉందో తేలుతుంది. నా అనుమానం, కుర్చీలూ షామియానాలూ ఆయనకు దాదాపు ఊరికే వస్తున్నాయి. రెండు సీజన్లు పోయిన ప్రతి ఊళ్లోనూ ఇలాంటి వాళ్లు తిరుగుతుంటారు. అది తప్పని అనను, వాళ్ల వ్యాపారం వాళ్లది. కానీ తూకం తెలియకుండా ఒప్పుకోకండి.

అమ్మాల్సింది ట్రాలీ. పని లేకపోయినా నెలనెలా డబ్బు తినేది అదొక్కటే. కిస్తీ, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ, ఏదీ ఆగదు. కుర్చీలు షెడ్డులో పడి ఉంటే దుమ్ము పడుతుంది, అంతే. ట్రాలీ లేకపోతే సామాను ఎలా తిప్పాలంటారా? ఇవాళ మీ మండలంలో పని లేక నిలబడి ఉన్న ట్రాలీ ఆటోలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. పని దొరికిన రోజు కిరాయికి పిలుచుకుంటే చాలు, ఆ కిరాయి బిల్లులో వేసుకోవచ్చు. బండి రెండున్నర లక్షలకు పోతుందనుకుంటే, ఫైనాన్స్ పూర్తిగా కట్టేశాక లక్షా 20 వేల దాకా చేతికి రావాలి. ముందుగా కట్టేస్తే ఫైనాన్స్ వాళ్లు వేసే చార్జీ ఎంతో రాతలో అడిగి తెలుసుకోండి, అది కొంత తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది మోసపోతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. "మిగిలిన కిస్తీలు నేను కట్టుకుంటా, ఇప్పుడు లక్ష ఇస్తా, బండి ఇవ్వండి" అని ఎవరైనా వస్తే వద్దనండి. బండి ఆయన నడుపుతాడు, అప్పు మీ ఆయన పేరున ఉంటుంది. రెండు కిస్తీలు ఎగ్గొడితే ఫైనాన్స్ వాళ్లు వచ్చేది మీ ఇంటికి. ప్రమాదం జరిగినా ఆర్‌సీలో పేరున్న మనిషి దగ్గరికే వస్తారు. కొనేవాడి డబ్బుతో నేరుగా ఫైనాన్స్ క్లియర్ చేయించి, అప్పు తీరిందని వాళ్లిచ్చే కాగితం, ఎన్‌ఓసీ, తీసుకుని, ఫారం 35తో ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు కొట్టించి, ఆ తర్వాత 29, 30 ఫారాలతో పేరు మార్పించండి. నాలుగు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు.

బంగారం విషయంలో మీకు నచ్చని మాట చెప్పబోతున్నాను. మూడు రూపాయల వడ్డీ అంటే లక్షన్నరకు నెలకు 4,500, ఏడాదికి 54,000. బ్యాంకులో బంగారం మీద అప్పు రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది, అంటే అదే లక్షన్నరకు నెలకు 1,500 లోపు. నెలకు 3,000 తేడా. పెళ్లిళ్లు లేని రెండేళ్లలో మీ ఇంటిని ఎక్కువ కుంగదీసింది లాక్‌డౌనా, ఈ వడ్డీయా అంటే నేను వడ్డీ పేరే చెబుతాను. లాక్‌డౌన్‌లో సంపాదన ఆగింది, వడ్డీ ఒక్క రోజు కూడా ఆగలేదు. బ్యాంకు అప్పులకు నిరుడు మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం, అంటే కిస్తీ ఆపుకునే వెసులుబాటు, దొరికింది. చేబదులుకు ఎవరిస్తారు మారటోరియం?

అందుకని బంగారం పెట్టడం తెలివితక్కువ పని కాదు. ఎందుకు పెడుతున్నారన్నదే ముఖ్యం. మీ ఆయన ఆ డబ్బుతో కొత్త స్టేజీ డెకరేషన్ కొందామనో, బయానాలు తిరిగి ఇద్దామనో అనుకుంటుంటే ఇవ్వకండి. మూడు రూపాయల వడ్డీ అప్పు తీర్చి ఆ నోటు చింపించడానికైతే, మీకు మనసొప్పితే, ఇవ్వండి. ఐదు తులాలకు ఈ 2021 ధరలో లక్షన్నర దొరకడం కష్టం కాదు, నగ నాణ్యతను బట్టి కొంచెం అటూ ఇటూ. లోను మీ పేరున తీసుకోండి. రసీదు మీ దగ్గర పెట్టుకోండి. ప్రైవేటు కంపెనీలు నిమిషాల్లో ఇస్తామంటాయి, ముందు మీ ఖాతా ఉన్న బ్యాంకులో అడగండి. నెలనెలా వడ్డీ కట్టే క్రమశిక్షణ మీరే పెట్టుకోవాలి, లేకపోతే ఏడాది తిరిగేసరికి వేలం నోటీసు వస్తుంది. ఇవన్నీ విన్నాక కూడా మీకు ఇష్టం లేకపోతే వద్దు. మీ నగ మీద చివరి మాట మీదే. ఆ మాట ఆయనకు చెప్పడానికి నన్ను సాక్ష్యంగా వాడుకోండి.

నోటు తీర్చే రోజు ఇంకొకరిని వెంట తీసుకెళ్లండి. ప్రామిసరీ నోటు, ఇచ్చి ఉంటే ఖాళీ చెక్కులు, ఖాళీ స్టాంపు పేపర్లు అన్నీ తిరిగి చేతికి వచ్చాకే డబ్బు లెక్కపెట్టండి. "ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత ఇస్తా" అంటే మీరూ తర్వాతే ఇవ్వండి. ఇప్పటిదాకా కట్టిన వడ్డీకి నోటు వెనక చెల్లు రాయించుకున్నారో లేదో కూడా చూసుకోండి. నాలుగు నెలల వడ్డీలో కొంత తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి. ఒక్కసారే మొత్తం వస్తుందంటే చాలామంది తగ్గుతారు. ఫోన్‌లో నిమిషంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి మాత్రం మీరూ, మీ బాబూ ఎవరూ పోకండి. నిరుడు డిసెంబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేసింది వాళ్లనే. ఫోన్‌లోని నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెట్టి పరువు తీసే వాళ్లు. లాక్‌డౌన్‌లో ఐదు వేలకు, పది వేలకు కక్కుర్తిపడి ప్రాణాలు తీసుకున్న వాళ్లు ఉన్నారు.

పొదుపు సంఘం నుంచి లోను తీసుకుని వడ్డీలు కడదామన్న ఆలోచన వస్తే అదీ వద్దు. మీరు కట్టలేకపోతే మిగతా ఆడవాళ్ల మీద పడుతుంది. సంఘంలో ఆ పేరు పోతే తిరిగి రాదు.

ఇక బయానాలు. మీ ఉత్తరంలో ఎక్కువ బాధ ఇక్కడే కనిపించింది. చట్టం ఏమంటుందో ముందు చెబుతాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 56వ సెక్షన్ ప్రకారం, చేస్తామని ఒప్పుకున్న పని ఆ తర్వాత చేయడానికి వీల్లేనిదైనా, చట్టవిరుద్ధమైనా ఆ ఒప్పందం చెల్లదు. అలా చెల్లకుండా పోయినప్పుడు ముందుగా తీసుకున్నది తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. అంటే నిరుడు ఏప్రిల్‌లో పెళ్లే జరగని వాళ్లకు "మా తప్పు కాదు కదా" అని బయానా ఆపుకోవడానికి లేదు. ఈ ఏడాది మే 12న లాక్‌డౌన్ పెట్టిన తర్వాతి సంగతి వేరు. అనుమతి తీసుకుని 40 మందితో పెళ్లి చేసుకోవచ్చన్నారు. అలా చేసుకుని మీ దగ్గర యాభై కుర్చీలు, రెండు డేగిశాలు వాడుకున్న వాళ్లు వాడుకున్నంత కిరాయి పోగా మిగిలిందే అడగాలి. అనుమతి ఉన్నా వద్దనుకుని మానేసిన వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే, అక్కడ సెక్షన్లు పనికిరావు.

కానీ ఊళ్లో టెంట్ హౌస్ నడిచేది సెక్షన్ల మీద కాదని మీకు నాకంటే బాగా తెలుసు. తొమ్మిది ఇళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. పెళ్లి తేదీ, బయానా ఎంత, పెళ్లి జరిగిందా, వాయిదా పడిందా, మన సామాను ఏమైనా వాడారా. ఆ తర్వాత వాళ్లు మీ గడప తొక్కక ముందే మీ ఆయన వాళ్ల ఇంటికి వెళ్లాలి. నిజానికి వాళ్లను ఎక్కువ కోపానికి తెస్తున్నది డబ్బు కాదు, మీ ఆయన ఫోన్ ఎత్తకపోవడం. ఎత్తడం లేదని మీరు రాయలేదు కానీ, రోజంతా షెడ్డులో కూర్చునే మనిషి ఫోన్ ఎత్తుతాడని నేను అనుకోను. తక్కువ బయానా ఇచ్చిన వాళ్లకు, కూలి పని మీద బతికే వాళ్లకు ముందు ఇచ్చేయండి. ట్రాలీ డబ్బులోంచి ఒక 50 వేలు దీనికి తీసి పెట్టండి. కాస్త ఉన్నవాళ్లతో, "మీ ఇంట్లో వచ్చే శుభకార్యానికి ఈ బయానా అలాగే జమ, పాత రేటుకే చేస్తా" అని ఒప్పందం చేసుకోవచ్చు. పెళ్లే కానక్కర్లేదు, ఓణీల ఫంక్షనో, గృహప్రవేశమో, పుట్టువెంట్రుకలో. ఒప్పుకుంటే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మీ ఆయన కూడా వంటవాళ్లకు, బ్యాండు వాళ్లకు బయానాలు ఇచ్చి ఉంటారు. అవి తిరిగి అడుగుదామన్నా వాళ్ల పరిస్థితి మీకంటే హీనంగా ఉంటుంది. రాసి పెట్టుకోండి, పనిలో పట్టుకోవచ్చు.

ట్రాలీ డబ్బులో బయానాలకు 50 వేలు, పాత వడ్డీకి 18 వేలు పోతే 50 వేల దాకా మిగులుతుంది. అందులోంచి మూడు నెలల షెడ్డు కిరాయి పక్కన పెట్టండి. మిగిలింది ఇంటి ఖర్చుకు. ఒక్క రూపాయి కూడా కొత్త సామాను మీద పెట్టొద్దు. ఇప్పుడు నెలకు 24,200 కట్టాలి, అందులో ఫైనాన్స్, మూడు రూపాయల వడ్డీ పోతే బంగారం వడ్డీ 1,500, కిరాయి 4,000, ఆ పైన బ్యాంకు కిస్తీ మిగులుతాయి. ఇంటి వెనక జాగా ఉంటే డేగిశాలు, పైపులు అక్కడికి తెచ్చి చిన్న షెడ్డుకు మారే మార్గం కూడా చూడండి.

బ్యాంకు కిస్తీకి దారి ఉంది, కానీ గడువు ఉంది. 2021 మే 5న రిజర్వ్ బ్యాంకు చిన్న వ్యాపారుల అప్పులను మార్చి రాసుకోవడానికి, అంటే రీస్ట్రక్చర్ చేసుకోవడానికి ఇంకో అవకాశం ఇచ్చింది. మార్చి 31 నాటికి ఖాతా మొండి బాకీ కాకుండా ఉండాలి. మీది ఏప్రిల్ నుంచే ఆగింది కాబట్టి ఆ షరతుకు అడ్డం లేదు. ఇంతకు ముందు ఇలా మార్పించుకుని ఉండకూడదు. కొంతకాలం కిస్తీ ఆపడం, గడువు పొడిగించడం రెండేళ్ల దాకా చేయొచ్చు. బ్యాంకులు 2021 సెప్టెంబర్ 30లోపు దీన్ని మొదలుపెట్టాలి, మీరు దరఖాస్తు ఇచ్చిన 30 రోజుల్లో నిర్ణయం రాతలో చెప్పాలి. ఊరికే రాదు, ఆగిన నెలలకు వడ్డీ పడుతూనే ఉంటుంది, మొత్తం మీద ఎక్కువే కడతారు. అయినా మీకు ఇప్పుడు కావాల్సింది ఊపిరి తీసుకునే ఆరు నెలలు. మూడు కిస్తీలు ఆగి 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీల్లోకి పోతుంది, ఆ తర్వాత మేనేజర్ మంచివాడైనా చేతులు కట్టేసినట్టే. కాబట్టి ఈ నెలాఖరు లోపే వెళ్లండి.

పని ఎప్పుడు వస్తుంది? జూలై 11 నుంచి ఆషాఢం, అందులో పెళ్లిళ్లుండవు. ఆగస్టు 9 నుంచి శ్రావణం. రెండేళ్లుగా ఆగిన పెళ్లిళ్లన్నీ ఆ ముహూర్తాల కోసం చూస్తున్నాయి. మూడో వేవ్ అంటున్నారు, వస్తుందో రాదో చెప్పడానికి నేను డాక్టర్‌ను కాదు, వస్తుందనుకునే లెక్క వేసుకోవాలి. నిరుడు ఉగాది మార్చి 25న వచ్చింది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా అదే రోజు. శ్రీరామనవమికి భద్రాచలంలోనే భక్తులు లేకుండా కళ్యాణం చేశారు, ఇక ఊళ్లో పందిళ్లు ఎవరు వేయిస్తారు? ఈ ఏప్రిల్‌లోనూ అంతే. వినాయక చవితి మండపాలూ నిరుడు లేవు. మీ ఆయన వ్యాపారం జనం గుమిగూడటం మీద నడిచేది. వైరస్ పేరు చెప్పి మొదట ఆపేదీ, చివర అనుమతించేదీ దాన్నే. ఇందులో ఆయన అసమర్థత ఏమీ లేదు. ఆ మాట మీరు ఒకసారి గట్టిగా ఆయనతో అనండి.

అయితే ఈ రెండేళ్లలో ఒక మార్పు ఆయనకు కలిసొచ్చేలా ఉంది. ఫంక్షన్ హాళ్లు వచ్చాక ఇంటి ముందు పందిరి తగ్గిపోయింది కదా. 50 మంది, 40 మంది అన్న నిబంధనలతో పెళ్లిళ్లు మళ్లీ ఇంటి ముందుకు వచ్చాయి. చిన్న పెళ్లిలో ఖర్చు ఎంత తగ్గుతుందో చూసినవాళ్లలో కొందరైనా ఇకపై అలాగే చేస్తారు. చిన్న పందిరి, 80 కుర్చీలు, నాలుగు టేబుళ్లు, వంద మందికి వంట సామాను, రెండు ఫ్యాన్లు, లైట్లు, కిరాయి బండి, అన్నీ కలిపి ఒకే రేటు చెప్పి చూడమనండి. ఫోన్‌లో ఫొటోలు పెట్టి స్టేటస్ పెట్టడం మీ బాబుకు వచ్చు, ఆ పని వాడికివ్వండి. బిల్లు మీద ఒక వాక్యం అచ్చు వేయించండి: ప్రభుత్వం ఆంక్షలు పెట్టి కార్యం ఆగితే బయానాలో ఎంత తిరిగి ఇస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో. అది ముందే రాసి ఉంటే ఈ గొడవ మళ్లీ రాదు. వచ్చే 2022 ఫిబ్రవరిలో మేడారం జాతర ఉంది. పోయిన జాతర 2020 ఫిబ్రవరిలో, లాక్‌డౌన్‌కు ముందు మీవాళ్లకు దొరికిన చివరి పెద్ద పని అదే అయ్యుంటుంది.

హుజూరాబాద్ ఎమ్మెల్యేగా ఉన్న ఈటల రాజేందర్ రాజీనామాతో మీ పక్కనే ఉప ఎన్నిక కూడా రాబోతోంది. సభలంటే టెంట్లు, కుర్చీలు. అన్ని పార్టీలకూ వేయొచ్చు, రంగు చూడక్కర్లేదు. కానీ డబ్బు చేతిలో పడ్డాకే కుర్చీ బండి దిగాలి. ఎన్నిక అయ్యాక గెలిచినవాళ్లు దొరకరు, ఓడినవాళ్లు ఫోన్ ఎత్తరు. విరిగిన కుర్చీల లెక్క ఆ రాత్రే తేల్చుకోవాలి.

శ్రావణం దాకా ఖాళీగా ఉండొద్దు. వానాకాలం పనులు మొదలయ్యాయి. ఆయనకు డ్రైవింగ్ లైసెన్సు ఉంటే వేరేవాళ్ల బండి నడపొచ్చు. ఉపాధి హామీలో ఈ 2021లో కూలి రోజుకు 245 రూపాయల దాకా ఉంది, మీది గ్రామ పంచాయతీ అయితే జాబ్ కార్డు అడగొచ్చు. "టెంట్ హౌస్ ఓనర్ మట్టి పనికొచ్చాడు" అంటారేమోనని ఆయనకు నామోషీ ఉండొచ్చు. మీరిద్దరూ కలిసి వెళ్తే ఆ మాట సగం తగ్గుతుంది. ఊళ్లో ఎవరి పరిస్థితి ఎవరికి తెలియదు చెప్పండి.

హైదరాబాద్ మాట. మీ అన్న మంచికే చెబుతున్నాడు. కానీ 15 వేలలో ఇంటి కిరాయికి మూడో వంతు పైనే పోతుంది, రేషన్ కార్డు, సంఘం, తెలిసినవాళ్లు, పదకొండేళ్ల పేరు అన్నీ ఇక్కడే ఉంటాయి. వచ్చే దసరా దాటాక కూడా నెలకు నాలుగు పనులు రాకపోతే అప్పుడు ఆలోచించండి. అప్పుడైనా సామాను తూకం ధరకు మీ చేతిలో ఉంటుంది.

బాబును పంపకండి. ఈ ఒక్కదాంట్లో నాకు రెండో ఆలోచన లేదు. ఈసారి పదో తరగతి అందరినీ పాస్ చేశారు, వాడు చదివాడా లేదా అన్నది వాడికే తెలియదు. ఏడాదిన్నర ఫోన్ ముందు కూర్చున్న పిల్లాడికి చదువంటే విసుగు పుట్టడం సహజం. సర్కారు జూనియర్ కాలేజీలో ఫీజు లేదు. ఇంటర్లో చేర్పించండి. సెలవు రోజు తండ్రితో పందిరి కట్టడానికి వెళ్తానంటే వెళ్లనివ్వండి. పదహారేళ్లకు బైక్ మీద డెలివరీ చేయాలంటే లైసెన్సు కూడా రాదు, ఆ సంగతి వాడికి చెప్పండి.

మీ ఆయన రోజంతా షెడ్డులో కూర్చోవడం, నిద్ర పట్టకపోవడం నాకు కొంచెం దిగులు పుట్టించింది. దినాలకు టెంట్లు వేసి డబ్బు తీసుకోకుండా వచ్చిన మనిషి అంటే, మే నెల చూసిన చావులు లోపల పెట్టుకుని ఉంటారు. ఆయనతో అప్పుల మాట రోజుకు ఒక్కసారే, ఒక టైము పెట్టుకుని మాట్లాడండి. మిగతా టైములో వద్దు. బతికి ఏం లాభం అన్న మాట ఒక్కసారి విన్నా ఒంటరిగా వదలకండి, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి వెంటనే తీసుకెళ్లండి. జనం మధ్య తిరిగే పని కాబట్టి ఇద్దరూ టీకా కూడా వేయించుకోండి. 18 ఏళ్లు దాటినవాళ్లకు ఈ 2021 జూన్ 21 నుంచి కేంద్రం ఉచితంగా ఇస్తోంది.

బ్యాంకుకు మీరు వెళ్లొచ్చా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి, కానీ సంతకం పెట్టాల్సింది ఆయన కాబట్టి ఇద్దరూ కలిసి వెళ్లండి. దరఖాస్తు తెలుగులోనే రాయండి: లోను నంబరు, 2019లో ఎన్ని పెళ్లిళ్లకు సామాను ఇచ్చారు, 2020లో ఎన్ని, ఈ ఏడాది ఎన్ని, ఎన్ని నెలలు కిస్తీ ఆపమంటున్నారు, ఆ తర్వాత నెలకు ఎంత కట్టగలరు. బిల్లు పుస్తకాలు వెంట తీసుకెళ్లండి. రెండు కాపీలు రాసి ఒకదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి, 30 రోజుల లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం దగ్గర చేసే నమోదు, ఉందా అని అడుగుతారు. లేకపోతే ఆధార్, పాన్ నంబర్లతో ప్రభుత్వ పోర్టల్‌లో చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. మీసేవ పక్కన కూర్చుని రెండు వేలు అడిగే వాళ్లకు ఇవ్వకండి.